తుప్పు వదిలితేనే.. హచిరోకు పరుగు!

టచ్‌స్క్రీన్ లేదు. ఎయిర్‌బ్యాగులు లేవు. ఆటోమేటిక్ గేర్ల మాటెత్తితే దాని అభిమానులు కొట్టేలా చూస్తారు. వయసా.. నలభై దాటింది! అయినా జపాన్‌లో ఆ కారు రోడ్డెక్కితే కుర్రాళ్లు ఆగి మరీ వీడియో తీసుకుంటారు. ఒకప్పుడు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికిన బండి, ఇప్పుడు కొత్త స్పోర్ట్స్ కారు ధర పలుకుతోంది. దాని పేరు టొయోటా ఏఈ86. ముద్దుగా 'హచిరోకు'.

అంత పాత కారు ఇంకా ఎలా పరిగెడుతోంది? డబ్బున్నవాళ్లు రంగేయించి పెట్టుకుంటారనుకుంటే పొరపాటే. రంగు అన్నిటికన్నా ఆఖర్న వచ్చే పని. దానికి ముందు చేయాల్సినవి వరసలో చేసినవాళ్ల కార్లే ఇవాళ రోడ్డు మీద ఉన్నాయి. వరస తప్పినవి షెడ్డుల్లో మూలన పడున్నాయి. ఆ వరసేంటో చూద్దాం రండి.

ఎనిమిది.. ఆరు!

ముందు పేరు సంగతి. 'ఏ' అనేది ఇంజిన్ కుటుంబం పేరు. 'ఈ' అంటే కరోలా. '8' ఐదో తరానికి గుర్తు, '6' ఆ తరంలో ఇది ఏ రకమో చెప్పే అంకె. జపనీస్‌లో ఎనిమిదిని హచి, ఆరుని రోకు అంటారు. రెండూ కలిపితే హచిరోకు.

1983లో ఇది మార్కెట్లోకొచ్చింది. పేర్లు రెండు: కరోలా లెవిన్, స్ప్రింటర్ ట్రూనో. లెవిన్‌కి మామూలు హెడ్‌లైట్లు. ట్రూనోకేమో స్విచ్ వేస్తే బానెట్‌లోంచి పైకి లేచే 'పాప్ అప్' లైట్లు. అప్పటికే టొయోటా కరోలాలను ముందు చక్రాలతో లాగే పద్ధతికి మార్చేస్తోంది. ఈ కూపేకి మాత్రం పాత పద్ధతే ఉంచేసింది. ఇంజిన్ ముందుంటుంది, బండిని తోసేది వెనక చక్రాలు.

లోపల 1,587 సీసీ ఇంజిన్, పేరు 4ఏ-జీఈ. ట్విన్ క్యామ్, 16 వాల్వులు, అప్పటి జపాన్ లెక్కలో 130 హార్స్‌పవర్. దానికి ఐదు గేర్ల మాన్యువల్ బాక్సు. జపాన్ మోడళ్ల బరువు టన్ను లోపే. ఇవాళ మన వీధిలో కనిపించే చిన్న ఎస్‌యూవీ కూడా దీనికన్నా బరువే! తక్కువ బరువు, వెనక చక్రాల తోపు, చేత్తో వేసే గేర్లు.. ఈ మూడూ కలిసేసరికి కొండ మలుపుల్లో నడపడం నేర్చుకునేవాళ్లకి ఇదే బడి అయింది. 'డ్రిఫ్ట్ కింగ్' అని పేరు తెచ్చుకున్న కెయిచి త్సుచియా కొండదారుల్లో విన్యాసాలు చేసింది కూడా ఈ బండితోనే.

1987లో తయారీ ఆగింది. తర్వాతి తరం లెవిన్, ట్రూనోలు ముందు చక్రాల బండ్లయ్యాయి. కథ అక్కడితో ముగియాల్సింది. కానీ 1995లో షుయిచి షిగెనో 'ఇనిషియల్ డి' అనే మాంగా మొదలుపెట్టాడు. అందులో హీరో తకుమి టోఫు కొట్టు నడిపే ఆయన కొడుకు. తెల్లారకముందే తెలుపు నలుపుల ట్రూనోలో కొండమీది హోటళ్లకి టోఫు వేసొస్తుంటాడు. మెత్తటి టోఫు చితక్కుండా, కప్పులో నీళ్లు తొణక్కుండా మలుపులు తిప్పడం అలా అలవాటవుతుంది. ఆ కథ 2013 దాకా నడిచింది, యానిమేగానూ వచ్చింది. దాంతో హచిరోకు పేరు ప్రపంచమంతా పాకింది. ధరలూ పాకాయి!

జేబులో అయస్కాంతం ఉందా?

ఇలాంటి బండి కొనడానికి వెళ్లేవాళ్లు ముందు ఇంజిన్ సౌండ్ వింటారు. అనుభవం ఉన్నవాళ్లు మాత్రం మోకాళ్ల మీద కూర్చుని కింద చూస్తారు. ఎందుకంటే ఇంజిన్ పాడైతే బాగు చేయొచ్చు, ఇంకోటి దొరికితే మార్చొచ్చు కూడా. బాడీ తుప్పుకి కరిగిపోతే ఆ కారే లేనట్టు. ఇలాంటి కార్లకి వేరే ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. ఇంజిన్, సస్పెన్షన్, డోర్లు అన్నీ ఆ రేకునే పట్టుకుని వేలాడుతుంటాయి.

చూడాల్సిన చోట్లు ఇవి: వెనక చక్రాల మీది ఆర్చ్‌లు, డోర్ల కింద పొడుగ్గా ఉండే సిల్స్, స్టెప్నీ పెట్టే గుంట, బ్యాటరీ కింది ప్లేటు, ముందు సస్పెన్షన్ పైకొచ్చి బిగుసుకునే చోటు, కాళ్లు పెట్టే ఫ్లోరు. కార్పెట్ ఎత్తి చూడాల్సిందే. నీళ్లు నిలిచేచోటే తుప్పు పుడుతుంది.

ఓ చిన్న అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి బాడీ మీద మెల్లగా జరపండి. రేకు ఉన్నచోట పట్టుకుంటుంది. ఎక్కడైనా జారిపోయిందంటే ఆ రంగు కింద ఇనుము లేదు, పుట్టీ ఉంది! తళతళలాడే కొత్త రంగు చూసి మురిసిపోకండి. అమ్మే ముందు వేసిన కొత్త పెయింటు ఏం దాచిందో అడగాలి. రంగు వెలిసినా రేకు గట్టిగా ఉన్న బండే మేలు.

ఇంకోటి. డోరు హ్యాండిల్, లైటు చుట్టూ ఉండే బీడింగ్, డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్.. ఇలాంటి చిల్లర సామాన్లన్నీ ఉన్నాయా? పిస్టన్ రింగులన్నా దొరుకుతాయేమో గానీ, పగిలిన ప్లాస్టిక్ ముక్క కోసం ఏళ్లకేళ్లు వెతికేవాళ్లున్నారు.

విప్పడం తేలికే, బిగించడమే..

పాత కారు పనులు ఎక్కువగా ఆగిపోయేది ఎక్కడో తెలుసా? అన్నీ విప్పేశాక! ఆవేశంలో వారం రోజుల్లో విప్పేస్తారు. ఆర్నెల్ల తర్వాత ఏ బోల్టు ఎక్కడిదో గుర్తుండదు.

దీనికి మందు మన జేబులోనే ఉంది. ప్రతి భాగం విప్పే ముందు ఫోన్‌తో ఫొటో, విప్పాక ఇంకో ఫొటో. బోల్టులు చిన్న జిప్ కవర్లో వేసి, దేనివో రాసి పెట్టాలి. వైర్లకి టేపు చుట్టి నంబరు వేయాలి. ఒక భాగం పూర్తిచేశాకే ఇంకోదాని మీద చెయ్యి వేయాలి. చూడ్డానికి చాదస్తంగా ఉంటుంది. కానీ బండిని మళ్లీ రోడ్డెక్కించేది ఈ చాదస్తమే.

అసలు యుద్ధం తుప్పుతోనే

ఇప్పుడు టింకరింగ్. తుప్పు మీద పుట్టీ పెట్టి రుద్దితే ఏడాది బాగానే ఉంటుంది. లోపల తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. తర్వాత రంగు పొంగి, పెచ్చుగా ఊడుతుంది. సరైన పద్ధతి ఒక్కటే. తుప్పు పట్టిన రేకుని మంచి రేకు కనిపించేదాకా కోసేయాలి. అదే ఆకారంలో కొత్త రేకు వంచి వెల్డింగ్ చేయాలి. దాని మీద ఎపాక్సీ ప్రైమర్, అతుకుల్లో సీలర్, సిల్స్ లాంటి గొట్టాల లోపలికి మైనం లాంటి పూత. బయటికి కనిపించని ఆ పూతే బండి ఆయుష్షు. పైరంగు దాని తర్వాతే.

అందుకే బాడీ పని అన్నిటికన్నా ముందు. ఇంజిన్‌కి డబ్బులన్నీ పెట్టేసి, మెరిసే ఇంజిన్‌ని కుళ్లిన బాడీలో బిగించినవాళ్లు మళ్లీ మొదటికొస్తారు.

ఇంజిన్ నాడి చూడాలిగా

4ఏ-జీఈ గట్టి ఇంజిన్. అయినా విప్పే ముందు నాడి పట్టాలి. స్పార్క్ ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌కీ కంప్రెషన్ గేజ్ పెడతారు. నాలుగు రీడింగులూ దగ్గరదగ్గరగా ఉంటే సంతోషం. ఒకటి బాగా తగ్గితే ఆ సిలిండర్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూస్తారు. రీడింగ్ పెరిగిందా.. పిస్టన్ రింగులు అరిగాయన్నమాట. పెరగలేదా.. వాల్వుల మీదో, హెడ్ గ్యాస్కెట్ మీదో అనుమానం. ఆయిల్ మూత తీస్తే కింద మజ్జిగ నురగలా తెల్లగా కనిపిస్తే, లోపలికి నీళ్లు చేరుతున్నాయని అర్థం.

టైమింగ్ బెల్టు సంగతి మరీ ముఖ్యం. ఈ ఇంజిన్లో క్యామ్‌లను తిప్పేది రబ్బరు బెల్టు. సాధారణంగా లక్ష కిలోమీటర్లకి మారుస్తారు. కానీ ఏళ్లుగా కదలని బండి అయితే మీటర్ని నమ్మకూడదు. రబ్బరు తిరక్కపోయినా ముసలిదవుతుంది. టాపెట్ సెట్టింగ్‌కి ఇందులో స్క్రూలుండవు. ఫీలర్ గేజ్‌తో సందు కొలిచి, తగిన మందం ఉన్న చిన్న బిళ్లలు మార్చాలి. వాటిని షిమ్‌లంటారు. ఓపిక ఉన్నవాళ్ల పని ఇది.

ఒక్కోసారి రోగం చిన్నదే ఉంటుంది. ఐడిల్‌లో ఆర్‌పీఎం ముల్లు పైకీ కిందికీ ఊగుతోందనుకోండి. ఇంజిన్ పోయిందని కంగారుపడతాం. తీరా చూస్తే గాలి పైపు ఒకటి ఎండి పగిలుంటుంది. కొలవని గాలి లోపలికి దూరి లెక్క తప్పిస్తుంటుంది. పాత బండిలో ముందు పోయేది రబ్బరే. ఇంధనం పైపులు, సస్పెన్షన్ బుష్‌లు, బ్రేకు సీళ్లు, డోరు బీడింగులు.. అన్నిటినీ ఒకేసారి మార్చేయడం మంచిది. కొత్త బుష్‌లు వేశాక 'ఇది అదే బండేనా' అనిపిస్తుంది.

'కర్ర్' మంటోందా? వినండి!

ఇక గేర్‌బాక్స్. మాన్యువల్ బాక్సులో సింక్రో రింగులని ఉంటాయి. సాధారణంగా ఇత్తడివి. మీరు గేరు మార్చినప్పుడు, తిరిగే రెండు భాగాల వేగాన్ని సమానం చేసి మెత్తగా కలిపేది అవే. అవి అరిగితే గేరు 'కర్ర్' మంటుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు మొండికేస్తే ముందు అనుమానించాల్సింది వీటినే.

వెంటనే బాక్సు దించక్కర్లేదు. ముందు గేరాయిల్ మార్చి చూడాలి. ఇక్కడో కిటుకు. జీఎల్-5 రకం ఆయిళ్లలో ఒత్తిడి తట్టుకునేందుకు వేసే గంధకం మందులు ఎక్కువ. అవి ఇత్తడి రింగులకి పడవన్న భయంతో చాలామంది పాత బాక్సుల్లో జీఎల్-4 రకమే పోస్తారు. ఆయిల్ మార్చినా మాట వినకపోతే అప్పుడు రింగులు మార్చాలి.

నడిపే చెయ్యి కూడా బాక్సుని బతికిస్తుంది. క్లచ్ తొక్కి న్యూట్రల్ చేసి, క్లచ్ వదిలి యాక్సిలరేటర్ చిన్నగా తట్టి, మళ్లీ క్లచ్ తొక్కి కింది గేరు వేయడం.. దీన్నే డబుల్ క్లచింగ్ అంటారు. పాత లారీ డ్రైవర్లకి ఇది వెన్నతో పెట్టిన విద్య. అరిగిన సింక్రోల మీద భారం తగ్గుతుంది. అలాగే గేరు రాడ్ మీద చెయ్యి ఆనించి ఉంచడం, క్లచ్ మీద పాదం ఉంచి నడపడం మానేయాలి. ఆ రెండూ బాక్సునీ, క్లచ్‌నీ తిన్నగా తినేస్తాయి.

జపాన్‌లో 1991 నుంచే ఆటోమేటిక్ కార్లకి మాత్రమే పనికొచ్చే లైసెన్సు ఇస్తున్నారు. మూడు పెడల్స్ ఎలా తొక్కాలో తెలియకుండానే అక్కడ ఎంతోమంది డ్రైవర్లయిపోయారు. మన దగ్గర ఇప్పటికీ డ్రైవింగ్ స్కూల్లో మొదటి పాఠం క్లచ్చే కదా. ఆ విద్య విలువ మనకింకా తెలియట్లేదంతే.

కంపెనీయే దిగొచ్చింది

జపాన్‌లో పాత కారు ఉంచుకోవడం తేలిక కాదు. 'షాకెన్' అనే తనిఖీ రెండేళ్లకోసారి పాసవ్వాలి. పదమూడేళ్లు దాటిన పెట్రోలు కారుకి వాహన పన్ను దాదాపు 15 శాతం ఎక్కువ. ఇన్ని ఉన్నా బండిని వదలనివాళ్లకి పెద్ద దెబ్బ ఇంకోటి. స్పేర్లు! తయారీ ఆగి దశాబ్దాలయ్యాక షాపుల్లో సామాను అయిపోయింది. ఒక బండిని బతికించాలంటే ఇంకో బండిని విప్పాల్సిన పరిస్థితి.

అప్పుడు టొయోటానే కదిలింది. 'జీఆర్ హెరిటేజ్ పార్ట్స్' పేరుతో పాత మోడళ్ల భాగాలు మళ్లీ తయారుచేయడం మొదలుపెట్టింది. 2021లో హచిరోకుని ఆ జాబితాలో చేర్చింది. స్టీరింగ్ నకిల్ ఆర్మ్‌లు, వెనక బ్రేకు క్యాలిపర్లతో మొదలైంది. 2025 జనవరిలో టోక్యో ఆటో సెలూన్‌లో ఏకంగా 4ఏ-జీఈ సిలిండర్ బ్లాకు, హెడ్ కొత్తగా చేసి చూపించింది. నిస్సాన్ ఆర్32 జీటీ-ఆర్‌కీ, మాజ్దా మొదటి తరం రోడ్‌స్టర్‌కీ ఇలాంటి ఏర్పాట్లే చేశాయి. అభిమానులు పట్టు వదలకపోతే కంపెనీలూ దిగొస్తాయన్నమాట.

ఉన్నదున్నట్టా.. కరెంటు బండిగానా?

ఇక్కడే అభిమానులు రెండు వర్గాలైపోతారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉండాలని ఒకరు. బ్రేకులు, సస్పెన్షన్ కొత్తవి వేసుకుంటే తప్పేంటని ఇంకొకరు. రెండిట్లోనూ న్యాయం ఉంది. మధ్యేమార్గం ఏంటంటే.. మార్చేది ఏదైనా మళ్లీ వెనక్కి మార్చుకునేలా ఉండాలి. పాత భాగాన్ని పారేయకుండా దాచాలి. బాడీని కోసి మార్పులు చేస్తే మాత్రం వెనక్కి దారి లేదు.

2023 టోక్యో ఆటో సెలూన్‌లో టొయోటా ఇంకో అడుగు ముందుకేసింది. ఒక ట్రూనో ఇంజిన్‌ని హైడ్రోజన్‌తో నడిచేలా మార్చింది. ఒక లెవిన్‌లో ఇంజిన్ తీసేసి మోటారు, బ్యాటరీ పెట్టింది. తమాషా ఏంటంటే ఆ కరెంటు లెవిన్‌లో కూడా క్లచ్, మాన్యువల్ గేర్లు అలాగే ఉంచారు! ఇంధనం మారినా పర్లేదు గానీ, చేతికి పని లేకపోతే హచిరోకు కాదని వాళ్లకీ తెలుసు.

బాగుచేశాక అసలు పని మొదలు

రీస్టోర్ అయిపోయింది, కవర్ కప్పేసి దాచుకుందాం అనుకుంటే మళ్లీ చెడిపోతుంది. నిలబడ్డ బండిలో బ్యాటరీ దిగిపోతుంది. పెట్రోలు పాతబడి జిగురవుతుంది. సీళ్లు ఎండిపోతాయి. బ్రేకులు పట్టేస్తాయి. టైర్లు ఒకవైపే అణిగి చదునవుతాయి. వారానికో, పదిహేను రోజులకో ఇంజిన్ పూర్తిగా వేడెక్కేంత దూరం నడపాలి. ఇంటి ముందు ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే మేలుకన్నా కీడే ఎక్కువ. లోపల చేరిన తేమ ఆవిరవ్వదు, ఆయిల్‌లోనే ఉండిపోతుంది.

పాటించాల్సినవి కొన్నే. చల్లటి ఇంజిన్‌ని రేజ్ చేయొద్దు. ఇంజిన్ ఆయిల్ ఐదువేల కిలోమీటర్లకో, ఆర్నెల్లకో మార్చండి. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది, అందుకని కిలోమీటర్లతో పనిలేకుండా రెండేళ్లకోసారి మార్చాలి. కూలెంట్ కూడా అంతే. టైరు మీద గాట్లు బాగున్నాయని మోసపోవద్దు. పక్కన నాలుగంకెలుంటాయి. 2419 అంటే 2019లో 24వ వారంలో తయారైందని అర్థం. వానలో తిరిగొస్తే అడుగుభాగం కడిగి ఆరబెట్టాలి. చేసిన ప్రతి పనీ తేదీతో, కిలోమీటర్లతో ఓ నోట్‌బుక్‌లో రాయాలి. అమ్మే రోజున ఆ పుస్తకమే బండికి సగం విలువ తెస్తుంది.

మరి మన సంగతి?

మన దేశంలోకి హచిరోకు తెచ్చుకోవడం దాదాపు కుదరని పని. సెకండ్ హ్యాండ్ కారు దిగుమతి చేసుకోవాలంటే వయసు మూడేళ్లు మించకూడదు. వింటేజ్ లెక్కలోకి రావాలంటే యాభై ఏళ్లు నిండాలి. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండ్లకి 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరిస్తారు. రిజిస్ట్రేషన్ ఫీజు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. అయితే ర్యాలీలకీ, ప్రదర్శనలకే తప్ప రోజూ తిప్పడానికి లేదు. మొట్టమొదటి హచిరోకుకి యాభై నిండేది 2033లో!

అంతదాకా ఆగక్కర్లేదు. నాన్నగారి ఆర్ఎక్స్100 ఇంటి వెనక రేకుల కింద ఉందా? 1996లో తయారీ ఆగిన ఆ బండికి ఇప్పుడున్న గిరాకీ మీకు తెలిసిందే. తాతగారి పద్మిని ఉందా? సూత్రం ఒకటే. ముందు తుప్పు, తర్వాత ఇంజిన్, ఆ తర్వాత రబ్బరు, బ్రేకులు, చివర్న రంగు. మన బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు పైపులు, కార్బ్యురేటర్ సీళ్లు దాన్ని తట్టుకోకపోవచ్చు. వాటిని ముందే మార్చి, పైపుల దగ్గర చెమ్మ కనిపిస్తోందా అని తరచూ చూసుకోవాలి.

డబ్బులు ఒకేసారి ఉండక్కర్లేదు. ఈ ఆదివారం ఓ గంట చాలు. ఓ టార్చిలైటు, గుడ్డలో చుట్టిన అయస్కాంతం, ఓ నోట్‌బుక్ తీసుకుని ఆ కవర్ ఎత్తండి. ఎక్కడెక్కడ తుప్పుందో రాసుకోండి. మీ ఏరియాలో మంచి టింకరింగ్ మేస్త్రీ ఎవరో కనుక్కోండి. పెయింటు షాపుకి మాత్రం ఇప్పుడే వెళ్లకండి!